పాత కంప్యూటర్ల సరుకు మొత్తంగా కొనాలా, వద్దా? గోడౌన్ తలుపు తీసిన దగ్గర్నుంచి బేరం దాకా

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. "మా మేనమామగారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూసేసి ఇరవై ఏళ్లయిందండీ. పైగదిలో 60 సిస్టమ్స్ ఉన్నాయి. మొత్తం నువ్వే తీసుకో అంటున్నారు. తీసుకోమంటారా?" కూడా ఒక ఫోటో వస్తుంది, దుమ్ము పట్టిన మానిటర్లు వరసగా. ఆ ఫోటో చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. అందుకని నేను ఏం చూస్తానో, ఏ వరసలో చూస్తానో మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది మొదట ధర అడుగుతారు. ధర చివర్లో మాట్లాడాలి. ముందు చోటు తేలాలి, తర్వాత మూతల కింద ఏముందో, ఆ తర్వాత సరుకు ఎవరిదో. ఈ వరస తప్పి నేను బాగా నష్టపోయాను. గుంటూరులో మూతబడ్డ ఒక శిక్షణ కేంద్రం సరుకు, 38 సిస్టమ్స్, ఫోటోలు చూసి ఫోన్లోనే బేరమాడి అడ్వాన్స్ పంపేశాను. ఇంటికొచ్చాక మూతలు తీస్తే 21 మదర్‌బోర్డులు బ్యాటరీ కారి తినేసి ఉన్నాయి. అమ్మినాయన మోసం చేయలేదు, లోపల ఏముందో ఆయనకీ తెలియదు. ముందే విప్పి చూసుకోవాల్సింది నేను.

1. చోటు కొలిచాకే ఫోన్ చేయండి

సీపీయూ బాక్సు, 14 అంగుళాల పాత మానిటర్, కీబోర్డు కలిపి ఒక సెట్టు 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. 60 సెట్లంటే సుమారు ఒకటిన్నర టన్ను. మామూలు పుస్తకాల అలమర ఈ బరువు మోయదు. ఇనుప యాంగిల్ ర్యాకులు కావాలి, గోడకు బిగించాలి.

మన వాతావరణం ఇంకో సమస్య. ఎండాకాలం రేకుల షెడ్డు లోపల పొయ్యిలా ఉంటుంది, ఆ వేడికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, కెపాసిటర్లు (బోర్డు మీద కరెంటును నిలవ చేసే చిన్న భాగాలు) ఎండిపోతాయి. వానాకాలం చెమ్మకు ఫ్లాపీలకు బూజు పడుతుంది. కాబట్టి కావాల్సింది స్లాబు గది, అదీ నీళ్లు చేరని చోట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు ఎలా మునిగాయో చూశాం. అలాంటి చోట కింది గదిలో పెట్టేకన్నా కొనకపోవడమే మేలు.

ముందుగా చూసుకోవాల్సినవి:
- గది పొడవు, వెడల్పు. ర్యాకుల మధ్య మనిషి మానిటర్ పట్టుకుని నడిచే దారి.
- మెట్ల వెడల్పు, మలుపులు.
- గోడల్లో చెమ్మ, పైకప్పు కారడం, చెదలు.
- రెండేళ్ల పాటు ఆ గది మీ చేతిలోనే ఉంటుందా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా?

సమయం కూడా చోటు లాంటిదే. ఒక్క సిస్టమ్ విప్పి, శుభ్రం చేసి, పరీక్షించి, వివరాలు రాసుకోవడానికి నాకు సగటున నాలుగు గంటలు పడుతుంది. 60 సిస్టమ్స్‌కి 240 గంటలు. ఆదివారానికి నాలుగు గంటల చొప్పున 60 ఆదివారాలు, అంటే ఏడాది దాటుతుంది. ఈ లెక్క చూసి టెన్షన్ వస్తే మొత్తం కొనే ఆలోచన ఇక్కడే ఆపేయండి. ఏరుకుని కొన్ని తెచ్చుకునే దారి ఉంది, దాని గురించి కింద చెబుతాను.

2. ఎందుకు కొంటున్నారో ఒక్క వాక్యం రాసుకోండి

"బాగుచేసి కాలేజీ పిల్లలకు చూపిస్తాను." "డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) కాలం నాటి తెలుగు డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు కూర్చే) సామాను మాత్రం దాచుకుంటాను." "పది ఉంచుకుని మిగతావి అమ్మేస్తాను." ఇలా ఏదో ఒకటి. వాక్యం కుదరకపోతే ఇంకో వారం ఆగండి. గోడౌన్లో నిలబడ్డాక అన్నీ కావాలనిపిస్తుంది, అప్పుడు ఈ కాగితం తీసి చదువుకోవాలి.

3. వెళ్లేముందు ఫోన్లో అడగాల్సినవి

అమ్మేవాళ్లు చాలాసార్లు రిటైరైన మాస్టారో, భర్త పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్న పెద్దావిడో అయి ఉంటారు. గబగబా ప్రశ్నలు వేస్తే బేరానికి దిగాడనుకుంటారు. నెమ్మదిగా అడగండి.

- "ఎన్నాళ్లుగా అక్కడున్నాయండీ? ఆ గదిలోకి ఎప్పుడైనా నీళ్లొచ్చాయా?"
- "చివరిసారి ఎప్పుడు ఆన్ చేశారు?"
- "పాత సామాన్ల వాళ్లు ఎవరైనా వచ్చి విప్పి చూశారా?" ఇది ముఖ్యం. కొందరు బంగారం కోసం ప్రాసెసర్లు, ర్యామ్ పీకేసి ఖాళీ డబ్బాలు వదిలిపోతారు.
- "కీబోర్డులు, పుస్తకాలు, ఫ్లాపీల డబ్బాలు కూడా ఉన్నాయా?"
- "ఇవి మీ సొంతమా, ఇన్‌స్టిట్యూట్ పేరు మీద కొన్నవా?"

ఫోన్ పెట్టేముందు ఒక మాట తప్పకుండా చెప్పండి: "మేం వచ్చేదాకా దయచేసి కరెంటు పెట్టి చూడకండి మాస్టారూ. తడిబట్టతో తుడవకండి కూడా." సాయం చేద్దామనే ఉద్దేశంతో ముందురోజు రాత్రి అన్నీ ఆన్ చేసి చూస్తారు. ఇరవై ఏళ్లు ఊరకున్న పవర్ సప్లైలో కెపాసిటర్ పేలడానికి అది చాలు.

4. వెంట తీసుకెళ్లేవి

స్క్రూడ్రైవర్లు రెండు రకాలు, మంచి టార్చి, పెయింటింగ్ బ్రష్, మల్టీమీటర్, నంబర్లు వేయడానికి పేపర్ టేపు, మార్కర్, నోటుబుక్కు, చిన్న జిప్ కవర్లు, గ్లవ్స్, మాస్కు. మాస్కు తప్పనిసరి. గుంటూరులో ఒకసారి సరుకంతా మిర్చి బస్తాలు పెట్టే గోడౌన్ పక్కగదిలో ఉంది. మొదటి మూత తీయగానే ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి. పావుగంట పాటు కళ్లు తెరవలేకపోయాం.

పొద్దున్నే ఏడింటికి వెళ్లండి. వేసవిలో పదకొండు దాటాక గోడౌన్లో ఎవరూ సరిగ్గా ఆలోచించలేరు, ఎలాగోలా ముగించేసి బయటపడదామనిపిస్తుంది. ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి. ఒకరు విప్పాలి, ఒకరు రాయాలి.

5. అన్నీ చూడకండి, పన్నెండు విప్పండి

మొదట విప్పకుండా లెక్కపెట్టండి. సీపీయూలు ఎన్ని, మానిటర్లు ఎన్ని, కీబోర్డులు ఎన్ని, ప్రింటర్లు ఎన్ని. "60 సిస్టమ్స్" అన్నచోట కీబోర్డులు 35 ఉండటం మామూలే.

తర్వాత ఐదింట ఒకటి చొప్పున విప్పండి, 60కి 12. అవి మీరే ఎంచుకోవాలి. ఓనరు ముందుకు తెచ్చిపెట్టేవి బాగున్నవే అయి ఉంటాయి. గోడవారన అడుగు వరసలోంచి నాలుగు, మధ్య నుంచి నాలుగు, పైనుంచి రెండు, కిటికీ దగ్గర రెండు తీయండి.

మూత తీసిన ప్రతిదానిలో ఈ వరసలో చూడండి.

వాసన. మూత తీసిన వెంటనే ముక్కు దగ్గర పెట్టండి. ఎలుకల మూత్రం వాసనొస్తే బోర్డు మీద తుప్పు ఉన్నట్టే. కాలిన వాసనైతే పవర్ సప్లై చూడాలి.

బురద గీత. కేబినెట్ లోపలి అంచున, ఫ్యాను రెక్కల మీద సన్నటి మట్టి గీత ఉందా? ఉంటే ఒకప్పుడు మునిగింది. పైన ఎంత తుడిచినా లోపలి గీత పోదు. ఒకదానిలో కనిపిస్తే అదే ఎత్తులో ఉన్నవన్నీ మునిగినట్టే లెక్కేయండి.

బ్యాటరీ. సరుకు భవిష్యత్తు తేలేది ఎక్కువగా ఇక్కడే. 286, 386, తొలి 486 (ఇవి ప్రాసెసర్ తరాల పేర్లు) బోర్డుల్లో కీబోర్డు పిన్ను గుచ్చేచోటుకు దగ్గర్లో చిటికెన వేలంత గొట్టం ఉంటుంది, ఎక్కువగా నీలం రంగులో. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. టార్చి ఏటవాలుగా పట్టుకుని చూడండి. బాగుంటే గొట్టం చివరలు నున్నగా మెరుస్తాయి. కారితే ముందు తెల్లటి ఉప్పులాంటి పొడి కనిపిస్తుంది. దాని చుట్టూ నీలం, ఆకుపచ్చ కలిసిన చిలుము. అక్కడి నుంచి సన్నటి రాగి గీతలు నల్లబడి, వేర్లలా పక్క చిప్పుల కాళ్ల దాకా పాకి ఉంటాయి.

చిలుము పక్కన టూత్‌పిక్‌తో మెల్లగా గీకండి. పైపొడి మాత్రమే రాలి, కింద రాగి గీత చెక్కుచెదరకుండా ఉంటే బాగుపడుతుంది. గీత పొరలా లేచొచ్చినా, చిప్పుల సాకెట్ కాళ్లు ఆకుపచ్చగా మారినా దాన్ని విడిభాగాల కింద రాసుకోండి. గీతలు ఒక్కొక్కటీ వైరుతో కలిపి బతికించవచ్చు, కానీ ఒక్క బోర్డుకు వారం పడుతుంది. అరుదైన బోర్డుకైతే ఆ వారం పెట్టండి, మామూలుదానికి వద్దు.

అంతకు ముందు తరం 8088 ఎక్స్‌టీ బోర్డుల్లో సాధారణంగా ఈ బ్యాటరీ ఉండదు. అందుకే వయసులో పెద్దవైనా అవే తరచూ మంచి స్థితిలో దొరుకుతాయి. తర్వాతి బోర్డుల్లోని నాణెం బ్యాటరీలు కారడం తక్కువ. నల్లటి దిమ్మలా ఉండే డల్లాస్ గడియారం చిప్పు కారదు గానీ లోపలి బ్యాటరీ చచ్చిపోతుంది, దానికి మందు ఉంది.

కెపాసిటర్లు. 1999 నుంచి 2007 మధ్య బోర్డుల్లో చాలావాటికి నిలువు కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటుంది. బయటికి కనిపిస్తుంది, మార్చడం తేలిక. ఎక్స్‌టీల్లో బొట్టులా ఉండే టాంటలం కెపాసిటర్లు బయటికి మంచిగానే కనిపించి లోపల షార్టవుతాయి. అందుకే పవర్ కనెక్టర్ దగ్గర 5, 12 వోల్టుల లైన్లకూ గ్రౌండ్‌కూ (నల్ల వైరు) మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. సున్నాకు దగ్గరగా చూపిస్తే షార్ట్.

ఖాళీ సాకెట్లు. ప్రాసెసర్, ర్యామ్, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) చిప్పులు ఉన్నాయా? నడుమ గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ (ప్రోగ్రామ్ దాచి ఉంచే) చిప్పుల మీద స్టిక్కర్ ఊడిపోతే వెంటనే పేపర్ టేపు అంటించండి. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలకు వాటిలోని ప్రోగ్రామ్ మెల్లమెల్లగా చెరిగిపోతుంది.

ప్రతిదానికీ ఈ మూడింటిలో ఒక గుర్తు వేయండి: బాగుంది, బాగుచేయొచ్చు, విడిభాగాలకే. పన్నెండులో ఐదు, నాలుగు, మూడు వచ్చాయనుకోండి. అరవైకి అది సుమారు 25, 20, 15. ఈ మూడు అంకెలే మీ చేతికొచ్చిన అసలు సమాచారం.

6. సిస్టమ్స్ కాకుండా మూలల్లో చూడాల్సినవి

పెంటియం 4 బాక్సులు ఎన్నున్నా విలువ తక్కువ, అవి ఇంకా ప్రతి ఊళ్లో దొరుకుతాయి. వీటి కోసం కళ్లు తెరిచి ఉంచండి:

- బీబీసీ మైక్రో. స్కూళ్లలో కంప్యూటర్ చదువు కోసం ప్రభుత్వం 1984-85లో మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు కింద మన స్కూళ్లకు వచ్చాయి. కీబోర్డు, కంప్యూటర్ ఒకే డబ్బాగా ఉంటుంది, పైవరసలో ఎర్ర మీటలు.
- హెచ్‌సీఎల్ బిజీబీ, తొలినాటి విప్రో, హైదరాబాద్ ఈసీఐఎల్ యంత్రాలు. మన దేశంలో తయారైనవి పెద్దగా ఎవరూ దాచలేదు. నా దృష్టిలో విదేశీ పేరున్న వాటికన్నా ఇవే ముందు.
- జిస్ట్ కార్డు. డాస్‌లో తెలుగుతో సహా భారతీయ లిపులు కనిపించేలా చేసిన కార్డు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌ది. బోర్డు మీద పేరు చదవకపోతే మామూలు కార్డనుకుని తుక్కులో వేస్తారు.
- తెలుగు డీటీపీ సామాను. విజయవాడ ప్రచురణల ఊరు, ఇక్కడి ప్రెస్సుల్లో ఇది బాగా వాడారు. ప్రింటర్ పోర్టుకు తగిలించే బొటనవేలంత డాంగుల్ లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. సీపీయూ వెనక చూడకుండా ఏదీ వదలొద్దు.
- తొలినాటి టీవీఎస్ గోల్డ్ కీబోర్డులు. టక్‌టక్‌మనే మెకానికల్ మీటలు. కంప్యూటర్ పోయినా ఇవి పనిచేస్తాయి.
- మాన్యువళ్లు, బిల్లులు, ఫ్లాపీల మీద చేత్తో రాసిన లేబుళ్లు.

జతలు విడదీయకండి. పాత ఎంఎఫ్‌ఎం రకం హార్డ్ డిస్కులో డేటా దాన్ని ఫార్మాట్ చేసిన కంట్రోలర్ కార్డుతోనే (డిస్కును నడిపే కార్డు) సరిగ్గా చదవబడుతుంది, కాబట్టి డిస్కు, కార్డు, కేబుళ్లు కలిపే ఉంచాలి. 9 పిన్నుల మానిటర్లు అన్నీ ఒకటి కావు. మోనోక్రోమ్ (ఒకే రంగు) మానిటర్‌ను కలర్ సీజీఏ డిస్‌ప్లే కార్డుకు తగిలిస్తే కొన్ని మానిటర్లు పాడైపోతాయి. ఎక్స్‌టీ, ఆ తర్వాతి ఏటీ (286 నుంచి వచ్చిన) కీబోర్డుల పిన్ను ఒకేలా ఉంటుంది గానీ ఒకదాని భాష ఇంకోదానికి రాదు. కొన్నింటికి అడుగున స్విచ్ ఉంటుంది.

ఫ్లాపీలు కొన్ని తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టండి, మధ్య చక్రం మెల్లగా తిప్పండి. మచ్చలు, బూడిద చుక్కలు కనిపిస్తే బూజు. దాన్ని డ్రైవ్‌లో పెట్టకూడదు. బూజు హెడ్‌కు (డిస్కు చదివే భాగం) అంటుకుని, ఆ తర్వాత పెట్టే మంచి ఫ్లాపీలను కూడా గీరేస్తుంది.

7. అక్కడే ఆన్ చేసి చూడాలా?

నా సలహా, వద్దు. కొనాలా వద్దా అన్నది తేల్చడానికి విప్పి చూసింది చాలు. ఓనరు పట్టుబట్టి "పనిచేస్తుంది చూడండి" అంటే ఈ జాగ్రత్తలతో ఒక్కటి మాత్రం చూడండి:

- వెనక 115/230 ఎర్ర స్విచ్ ఎటు ఉంది? అమెరికా నుంచి బంధువులు తెచ్చినవి మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. 115 మీద ఉన్నదాన్ని మన ప్లగ్గులో పెడితే ఢామ్మంటుంది. స్విచ్ లేని 110 వోల్టులవాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.
- 100 వాట్ల పాతకాలం బల్బుతో సిరీస్ బోర్డు (కరెంటు బల్బు గుండానే సిస్టమ్‌కు వెళ్లేలా కట్టిన బోర్డు) పెట్టండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే పరవాలేదు. పూర్తి కాంతితో అలాగే వెలిగితే లోపల షార్ట్, వెంటనే తీసేయండి.
- బీబీసీ మైక్రో పవర్ సప్లైని అస్సలు ఆన్ చేయకండి. అందులోని రీఫా కంపెనీ కెపాసిటర్లు పగిలి గదంతా పొగ నింపుతాయి, ముందు వాటిని మార్చాలి.
- కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్) పాత అడాప్టర్ వాడొద్దు. చెడిపోయినప్పుడు 5 వోల్టుల కన్నా ఎక్కువ పంపి చిప్పుల్ని కాల్చేస్తుంది.

పవర్ సప్లై డబ్బా, మానిటర్ వెనక మూత గోడౌన్లో తెరవొద్దు. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు, కలర్ మానిటర్ గొట్టానికి పనిచేసేటప్పుడు 20 వేల వోల్టుల పైమాటే. తెలిసినవాళ్లు లేకుండా చేయి పెట్టకండి.

8. సరుకు ఎవరిది? లోపల ఎవరి వివరాలున్నాయి?

స్కూలు, కాలేజీ, ఆఫీసు సరుకైతే స్టాక్ రిజిస్టర్లోంచి తీసేసినట్టు, కండెమ్ చేసి వేలం వేసినట్టు కాగితం అడగండి. "ఎవరూ పట్టించుకోరు, తీసుకెళ్లండి" అన్నా కాగితం లేకుండా తేవద్దు. ఇంటి సరుకైతే, ముఖ్యంగా ఓనరు పోయాక అమ్ముతున్నదైతే, పిల్లలందరికీ తెలుసా అని అడగండి. ఒకసారి అమ్మగారు డబ్బు తీసుకున్నాక బెంగళూరు నుంచి పెద్దబ్బాయి ఫోన్ చేసి, నాన్న వాడిన మెషిన్ తనకు కావాలన్నాడు. ఇచ్చేశాం. ముందే అడిగి ఉంటే ఆ కుటుంబంలో ఆ గొడవ జరిగేది కాదు.

హార్డ్ డిస్కుల్లో విద్యార్థుల జాబితాలు, షాపుల ఖాతాలు, ఆస్పత్రి రికార్డులు ఉంటాయి. చెరిపేస్తామని అమ్మేవాళ్లకు మాటిచ్చి, కొన్న కాగితంలో కూడా రాయండి. కుటుంబం ఫోటోలో, రాతలో దొరికితే తిరిగి ఇవ్వండి.

9. ఇప్పుడు లెక్క

మాస్టారు 60 సెట్లకు లక్షన్నర అడిగారనుకుందాం. కింది అంకెలు లెక్క చూపించడానికి వేసినవి, మీవి మీరు వేసుకోండి.

వచ్చేవి:
- నిజంగా ఉంచుకునేవి 8. విడిగా కొంటే ఒక్కోటి రూ.6,000. మొత్తం రూ.48,000.
- అమ్మగలిగేవి 20. ఒక్కోటి రూ.2,500 చొప్పున రూ.50,000. ఇందులో సగమే వేసుకోండి: రూ.25,000. అమ్మకాలు నెలల తరబడి సాగుతాయి, కొరియర్‌లో పగులుతాయి, కొన్నవాళ్లు వెనక్కి పంపుతారు.
- మిగతావి విడిభాగాలు, తుక్కు: రూ.5,000.
- మొత్తం రూ.78,000.

పోయేవి:
- బండి, ముఠా కూలీ: రూ.9,000.
- ర్యాకులు: రూ.14,000.
- రిపేరు సామాను: రూ.15,000.
- మొత్తం రూ.38,000.

సొంత గది ఉంటే ఈ సరుకుకు మీరు ఇవ్వగలిగే ధర రూ.40,000. అంతకు మించి ఒక్క రూపాయి కూడా వద్దు. అదే గది నెలకు రూ.2,500 అద్దెకు తీసుకుంటే రెండేళ్లకు రూ.60,000 అదనం. అప్పుడు లెక్క రూ.20,000 అప్పుల్లోకి పోతుంది, అంటే ఉచితంగా ఇచ్చినా నష్టమే. ఈ ఒక్క లైను చూసి ఆగిపోయినవాళ్లు నాకు నలుగురు తెలుసు, నలుగురూ తర్వాత ఫోన్ చేసి మంచిపని జరిగిందన్నారు.

అదేరోజు పాత ఇనుము కొట్లో కంప్యూటర్ తుక్కు కిలో ఎంతో కనుక్కోండి. మీరు కొనకపోతే అమ్మేవాళ్లకు వచ్చేది అదే. మీ ధర దానికన్నా తక్కువ ఉంటే అడగడం న్యాయం కాదు.

10. చెప్పాల్సిన జవాబు మూడు రకాలు

మొత్తం తీసుకోవడం: బాగున్నవి, బాగుచేయొచ్చేవి కలిపి మూడింట రెండొంతులుంటే, సొంత గది ఉంటే, ఏడాది ఆదివారాలు ఇవ్వగలిగితే.

ఏరుకుని తీసుకోవడం: చాలాసార్లు ఇదే సరైనది. "మాస్టారూ, నేను 14 తీసుకోగలను. వీటికి మంచి ధరే ఇస్తాను. మిగతావి నమోదైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు పంపే ఏర్పాటు నేనే చూస్తాను." ఆ రెండో మాట చాలా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది గది ఖాళీ. పంపుతానంటే పంపాల్సిందే. వీధిలో విప్పేవాళ్లకు ఇస్తే వైర్లు కాలుస్తారు, బంగారం కోసం బోర్డులు యాసిడ్‌లో వేస్తారు, సీసం ఉన్న మానిటర్ గాజు కాలవలో పోస్తారు.

వద్దనడం: రెండు రోజుల్లో చెప్పేయండి. నెల నాన్చితే వాళ్లు ఇంకొకరిని వెతుక్కోలేరు.

బేరమాడేటప్పుడు అరుదైనది కనిపిస్తే దాచకండి. "ఈ కార్డు విలువైనదండీ, దీనికి వేరే ధర వేద్దాం" అని చెప్పండి. మన ఊళ్లలో ఇలాంటి సరుకు ఒకరి ద్వారా ఇంకొకరికి తెలుస్తుంది. నాకు వచ్చిన మంచి సరుకులన్నీ అంతకుముందు అమ్మినవాళ్లు చెప్పగా వచ్చినవే.

కుదిరాక నంబర్లతో జాబితా, ధర, తేదీ, ఇద్దరి సంతకాలు, ఎప్పటిలోగా ఎత్తుతారో రాసుకోండి. అడ్వాన్స్ ఆ తర్వాతే.

11. ఎత్తడం, తేవడం

వానాకాలం తప్పించండి. కుదరకపోతే బండి అడుగునా పైనా పరదా వేయించండి. టాటా ఏస్ ముప్పావు టన్ను మోస్తుందన్నది లెక్క, అయినా మానిటర్లు చోటు తినేస్తాయి కాబట్టి 60 సెట్లకు మూడు ట్రిప్పులు వేసుకోండి. ముఠావాళ్లతో మెట్లతో కలిపి ముందే మాట్లాడుకోండి, గాజు సామాను అని గట్టిగా చెప్పండి.

- కదిపేముందు ప్రతి సెట్టునూ వెనకవైపు ఫోటో తీయండి.
- సీపీయూ, కీబోర్డు, మానిటర్‌కు ఒకే నంబరు.
- మానిటర్లు మెత్తటి పాత దుప్పటి మీద, తెర కిందకు వచ్చేలా. బరువంతా తెరవైపే ఉంటుంది.
- హార్డ్ డిస్కులున్న సీపీయూలు అడ్డంగా, మూడింటికి మించి దొంతర వేయకుండా. పాత డిస్కుల హెడ్‌లు వాటంతటవి పక్కకు తప్పుకోవు, కుదుపుకు గీసుకుపోతాయి.
- ఫ్లాపీలు, పుస్తకాలు, డాంగుళ్లు మీ కార్లో.

12. మొదటి వారం

ఏదీ ఆన్ చేయకండి. మొదటిరోజే అన్ని బోర్డుల నుంచీ గొట్టం బ్యాటరీలు కత్తిరించి తీసేయండి, కారనివి కూడా. కారిన చోట తెల్ల వెనిగర్ దూదితో అద్దితే ఆ క్షారం విరుగుతుంది. తర్వాత శుభ్రమైన నీళ్లు, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. నిమ్మకాయ వాడేవాళ్లున్నారు గానీ రసంలోని చక్కెర జిగురుగా మిగులుతుంది.

పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయకండి. ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టినా లోపల చెమ్మ పడుతుంది. పాత నూలు చీర కప్పి, డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేస్తే చాలు. బూజు ఫ్లాపీలు వేరే డబ్బాలో, వేరే గదిలో. పసుపు రంగు తిరిగిన కేబినెట్లు తెల్లగా చేసే పని ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

వారం చివర ఒక రిజిస్టర్ పుస్తకం, ఫోన్ పట్టుకుని కూర్చోండి. అమ్మినవాళ్లకు ఫోన్ చేసి, ఒక్కో నంబరు చదువుతూ అది ఎవరు వాడారో, దేనికి వాడారో అడిగి రాసుకోండి. సరుకు వెళ్లిపోయిన కొత్తలో వాళ్లకు బాగా గుర్తుంటుంది, మాట్లాడాలనీ ఉంటుంది. కృష్ణలంకలో తీసుకున్న సరుకుకు నేను రాసుకున్న ఒక పేజీ ఇలా ఉంది: "నంబరు 17. 386. హార్డ్ డిస్క్ లేదు. కీబోర్డు మీద తెలుగు స్టిక్కర్లు. శుభలేఖలు, స్కూలు ప్రశ్నపత్రాలు టైపు చేసేవారు. 'ళ' స్టిక్కర్ ఊడిపోతే మేడమ్ గారు నెయిల్ పాలిష్‌తో రాశారు. తుడవకూడదు."